నీటి ఉష్ణోగ్రత – తొలిదశ వికాసం: ఆక్టోపస్ పరిశోధన వెలుగులో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత చేపపిల్లల పెంపకం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

నీటి ఉష్ణోగ్రత పెరిగితే జలచరాల గుడ్లు త్వరగా పొదుగుతాయన్నది మత్స్యవిజ్ఞాన రచనల్లో స్థిరపడిపోయిన వాక్యం. ఈ వాక్యంలో ఎంత నిజముందో, అది ఎక్కడ దారి తప్పిస్తుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. పెంపకపు ఆక్టోపస్ తొలిదశలపై జరిగిన పరిశోధనల్ని ఆధారంగా చేసుకుని, వాటి ఫలితాలను పశ్చిమ కర్నూలు ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల చెరువులు, కాలువనీటి నిల్వలు, వాటిలో పెరిగే చేపపిల్లల సందర్భానికి అన్వయించి చూడడం జరిగింది. ఒకే అంకెగా చెప్పే ‘అనుకూల ఉష్ణోగ్రత’ దశను, వేళను, లోతును, తల్లిజీవి అనుభవాన్ని మరుగుపరుస్తుందని, ‘అభివృద్ధి’, ‘విత్తనం’ వంటి తెలుగు పారిభాషిక పదాలు ఆ మరుగును మరింత చిక్కబరుస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నీటి ఉష్ణోగ్రత, పిండవికాసం, ఆక్టోపస్, చేపవిత్తనం, తుంగభద్ర దిగువ కాలువ, కార్తెలు, శాస్త్రపరిభాష.

1. ప్రవేశిక:

ఆదోని పత్తి మార్కెట్టుకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన పట్టణాలు. రెండింటికీ సముద్రం దూరం. నల్లరేగడి నేలలు, తక్కువ వానలు, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలు ఈ ప్రాంతపు లక్షణాలు. ఇటువంటి నేల మీద ఆక్టోపస్ ప్రసక్తి విడ్డూరంగా తోచడం సహజం. అయితే నీటిలో గుడ్డుగా మొదలయ్యే ఏ జీవికైనా తొలి రోజుల్లో ప్రధాన నియంత ఉష్ణోగ్రతే. ఆ నియంత్రణ ఎలా సాగుతుందో దశలవారీగా పరిశీలించిన జీవుల్లో ఆక్టోపస్ ఒకటి. ఆదోని రాంజల మొదలు గోనెగండ్ల దగ్గర హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయం దాకా, తుంగభద్ర దిగువ కాలువ నీటితో నిండే తాగునీటి నిల్వ చెరువులు మొదలు ఊరి కుంటల దాకా ఇక్కడి నీళ్ళలో బతకవలసిన చేపపిల్లలకూ అదే నియమం వర్తిస్తుంది. వర్తించే తీరు మాత్రం వేరు. ఆ వేరుదనాన్ని గుర్తించకుండా ఒకచోటి అంకెను మరొకచోటికి మోసుకుపోవడమే ఇక్కడ విమర్శకు గురవుతున్న అంశం.

చేపల పెంపకంపై తెలుగులో వచ్చే కరదీపికలు, పాఠ్యభాగాలు సాధారణంగా నీటి గుణాల పట్టిక ఒకటి ఇస్తాయి. అందులో ఉష్ణోగ్రతకు ఒక వరుస, ఆ వరుసలో ఇరవై అయిదు నుంచి ముప్ఫైరెండు డిగ్రీల వంటి ఒక అవధి ఉంటాయి. ఆ అవధి గుడ్డుకా, పొదిగిన పిల్లకా, వేలెడంత పిల్లకా, పెద్ద చేపకా అన్నది పట్టిక చెప్పదు. ఉదయం నీటిదా, మధ్యాహ్నం నీటిదా, పైపొరదా, అడుగుదా అన్నదీ చెప్పదు. పిల్లలు చనిపోయినప్పుడు చెరువు మీద ఆధారపడ్డ కుటుంబం ఆ ఏడాది రాబడి కోల్పోతుంది. కారణం అడిగితే ‘విత్తనం మంచిది కాదు’ అనో, ‘ఎండ ఎక్కువ’ అనో రెండే జవాబులు మిగులుతాయి. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న ఖాళీ శాస్త్రరచన పూరించవలసినది.

2. ఆక్టోపస్ పరిశోధన చెప్పేదేమిటి?

పెంపకం కోసం ఎక్కువగా పరిశీలించిన జాతి మధ్యధరా, అట్లాంటిక్ తీరాల ఆక్టోపస్ వల్గారిస్. ఆడజీవి రెండు మిల్లీమీటర్ల పొడవుండే గుడ్లను లక్ష నుంచి అయిదు లక్షల దాకా దండలుగా గుచ్చి రాతిగుహ పైకప్పుకు వేలాడదీస్తుంది. అవి పొదిగేదాకా మేత ముట్టకుండా, వాటి మీదికి నీటిని చిమ్ముతూ, దుమ్ము తుడుస్తూ కాపలా కాసి, ఆ తర్వాత మరణిస్తుంది. కాథరీనా మాంగోల్డ్, సిగుర్డ్ వాన్ బొలెట్స్కీ 1973లో ప్రకటించిన పరిశీలన ఈ పొదుగుదల కాలాన్ని ఉష్ణోగ్రతతో ముడిపెట్టింది. 25 డిగ్రీల నీటిలో 20 నుంచి 25 రోజుల్లో ముగిసే పిండవికాసం 13 డిగ్రీల నీటిలో 100 నుంచి 125 రోజులు తీసుకుంటుంది. పన్నెండు డిగ్రీల తేడా కాలాన్ని అయిదింతలు చేసింది.

పొదిగిన పిల్ల పెద్ద ఆక్టోపస్‌లా అడుగున పాకదు. ఒక్కో చేతికి మూడేసి చూషకాలతో, నీటిలో తేలుతూ సూక్ష్మ క్రస్టేసియన్లను వేటాడుతుంది. ఈ తేలియాడే దశనే శాస్త్రజ్ఞులు పరాడింభకం అంటారు. జపానులో ఇతామి బృందం 1963లో సుమారు 25 డిగ్రీల నీటిలో ఈ దశను దాదాపు 33 నుంచి 40 రోజుల్లో దాటించగలిగింది. స్పెయిన్‌లో రోజర్ విల్లనువెవా 1995లో ప్రకటించిన పెంపకంలో సుమారు 21 డిగ్రీల దగ్గర అదే దశకు 47 నుంచి 54 రోజులు పట్టింది. ఇక్కడా వెచ్చదనం కాలాన్ని కుదించింది.

ఇంతవరకు చదివినవారికి ‘వేడి పెంచితే లాభం’ అన్న నిర్ణయం సులభంగా స్ఫురిస్తుంది. పెరిగిన ఆక్టోపస్ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. స్పెయిన్‌కే చెందిన అగ్వాదో హిమేనెస్, గార్సియా గార్సియా 2002లో చూపినదాని ప్రకారం పెరుగుదలకు, మేత వినియోగానికి 16 నుంచి 21 డిగ్రీలు అనుకూలం. 23 డిగ్రీలు దాటితే బరువు తగ్గడం, మరణాలు కనిపిస్తాయి. పిండం 25 డిగ్రీల దగ్గర వేగంగా పొదిగే జాతిలోనే, పెద్దజీవి అదే 25 డిగ్రీల దగ్గర కృశిస్తుంది. అందువల్ల ‘ఆక్టోపస్‌కు అనుకూల ఉష్ణోగ్రత ఎంత?’ అన్న ప్రశ్న ఆ రూపంలో అర్థవంతం కాదు. ఏ దశకు అన్న ప్రశ్న ముందు రావాలి.

మరొక అంశం వేగానికి, పుష్టికి మధ్య ఉన్న వ్యత్యాసం. ఆక్టోపస్‌కు దాయాది అయిన యూరప్ కటిల్‌ఫిష్‌లో చల్లని నీట నెమ్మదిగా పొదిగిన పిల్లలు వెచ్చని నీట తొందరగా పొదిగినవాటికంటే పెద్దవిగా పుడతాయి. గుడ్డులోని సొన పరిమితమైన పెట్టుబడి. అందులో కొంత శరీర నిర్మాణానికి, కొంత బతికి ఉండే ఖర్చుకు పోతుంది. వేడి పెరిగినప్పుడు రెండో ఖర్చు పెరుగుతుంది. రోజులు తగ్గాయన్న లెక్క పుట్టిన పిల్ల చేతిలో ఎంత మిగిలిందో చెప్పదు.

3. డిగ్రీ–దినాల లెక్క: బలం, పరిమితి:

ఉష్ణోగ్రతను, కాలాన్ని గుణించి పిండవికాసానికి కావలసిన ‘ఉష్ణమోతాదు’ను చెప్పడం మత్స్యశాస్త్రంలో వాడుక. బంగారుతీగ చేప గుడ్లు పొదగడానికి 60 నుంచి 70 డిగ్రీ–దినాలు కావాలనడం ఇటువంటిదే. 20 డిగ్రీల నీటిలో మూడు రోజులు, కొంచెం వెచ్చన అయితే ఇంకా తక్కువ అని దాని తాత్పర్యం. ఈ లెక్క ఎంత నమ్మదగినదో పైన చెప్పిన ఆక్టోపస్ అంకెలతోనే పరీక్షించవచ్చు.

25 డిగ్రీల దగ్గర మధ్యస్థంగా 22.5 రోజులు అనుకుంటే గుణకారం 562.5. 13 డిగ్రీల దగ్గర మధ్యస్థంగా 112.5 రోజులు అనుకుంటే గుణకారం 1462.5. ఒకే జాతి గుడ్డుకు ఒకచోట కావలసిన మోతాదు మరొకచోట కావలసినదానికి రెండున్నర రెట్లకు పైగా వస్తే అది మోతాదు అనిపించుకోదు. సున్నా డిగ్రీల నుంచి లెక్కపెట్టడమే ఈ దోషానికి మూలం. వికాసం దాదాపు ఆగిపోయే కనిష్ఠ ఉష్ణోగ్రత ఒకటుంటుందని భావించి, దాని పైనున్న డిగ్రీలనే లెక్కిస్తే స్థితి మారుతుంది. ఆ కనిష్ఠం 10 డిగ్రీలు అయితే మొదటి సందర్భంలో 15 డిగ్రీలను 22.5 రోజులతో, రెండో సందర్భంలో 3 డిగ్రీలను 112.5 రోజులతో గుణించాలి. రెండూ 337.5 అవుతాయి.

ఈ సమన్వయం చూడముచ్చటగా ఉన్నా దానికి లొంగిపోకూడదు. రెండు బిందువుల మీదుగా ఎప్పుడూ ఒక సరళరేఖ పోతుంది కాబట్టి, రెండు అంకెలకు సరిపోయే కనిష్ఠం కూడా దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. మధ్యలోని ఉష్ణోగ్రతల్లో తీసిన కొలతలు కూడా అదే రేఖ మీద నిలిచినప్పుడే దానికి ప్రమాణం సిద్ధిస్తుంది. పై అంచున రేఖ ఎలాగూ విరుగుతుంది. ఒక హద్దు దాటాక వేడి వికాసాన్ని వేగవంతం చేయడం మాని పిండాన్ని చంపుతుంది. డిగ్రీ–దినాల సూత్రంలో ఆ హద్దుకు చోటే లేదు. చల్లని దేశాల్లో తయారైన సూత్రాలకు కింది అంచు ముఖ్యం. పశ్చిమ కర్నూలుకు కావలసినది పై అంచు. ఒక సూత్రం దిగుమతి అయినప్పుడు దానితోపాటు అది పుట్టిన నేల భయాలు కూడా దిగుమతి అవుతాయి. దిగుమతి చేసుకున్న నేల భయాలు మాత్రం అందులో కనిపించవు.

4. తల్లిజీవి అనుభవం:

మెక్సికోలోని యుకటాన్ తీరానికి మాత్రమే పరిమితమైన ఆక్టోపస్ మాయా మరొక కోణాన్ని చూపుతుంది. దీని గుడ్డు పదిహేను మిల్లీమీటర్లకు మించిన పొడవుతో పెద్దది. పిల్ల తేలియాడే దశ లేకుండా నేరుగా అడుగున పాకే రూపంలో పుడుతుంది. అందుకే పెంపకానికి అనువైనదిగా పేరుపొందింది. మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయానికి సిసాల్‌లో ఉన్న కేంద్రంలో కార్లోస్ రోసాస్ బృందం దీనిపై విస్తృతంగా పనిచేసింది. 27 డిగ్రీలు దాటిన నీటిలో ఉంచిన ఆడజీవులు గుడ్లు పెట్టడం తగ్గుతుందని, 31 డిగ్రీల దగ్గర అధికభాగం పెట్టవని తేలింది. ఉష్ణాఘాతానికి గురైన తల్లుల సంతానం చిన్నవిగా పుట్టి, బతికి ఉండడానికే ఎక్కువ శక్తిని వెచ్చిస్తూ, నెమ్మదిగా పెరిగిందని 2016లో ప్రకటించిన పరిశోధన చూపింది.

ఈ ఫలితం ‘తొలిదశ’ అన్న మాట హద్దునే మారుస్తుంది. తొలిదశ ఫలదీకరణతో మొదలవుతుందనుకోవడం పాఠ్యపుస్తకపు సౌకర్యం. గుడ్డులో సొన చేరే రోజుల్లో తల్లి ఎటువంటి నీటిలో ఉన్నదో ఆ చరిత్ర కూడా పిల్లకు వారసత్వంగా దక్కుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపల తల్లులకు అండాశయాలు నిండేది సరిగ్గా ఎండాకాలంలోనే. వానాకాలంలో గుడ్లు పెట్టవలసిన తల్లిచేప ఏప్రిల్, మే నెలల చెరువునీటిలో గడిపిన రోజులను లెక్కలోకి తీసుకోని విత్తననాణ్యత చర్చ సగమే అవుతుంది. ఆక్టోపస్ మాయా ఫలితాన్ని చేపకు నేరుగా అంటగట్టరాదు. అది ఒక ప్రశ్నను మాత్రం అందిస్తుంది, ఆ ప్రశ్నకు ఈ ప్రాంతం సహజమైన ప్రయోగశాల.

ఆక్టోపస్ పెంపకం నైతికంగా వివాదాస్పదమన్నది ఇక్కడ విస్మరించరాదు. ఒంటరిగా బతికే తెలివైన జీవిని తొట్టెల్లో కుక్కడం తగదన్న వాదం బలపడి, అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఈ పెంపకాన్ని నిషేధించాయి. ఆ పరిశ్రమ నిలిచినా నిలవకపోయినా, దాని కోసం జరిగిన పరిశీలనల నుంచి నేర్చుకోగల పద్ధతి మిగిలే ఉంటుంది. ఇక్కడ తీసుకుంటున్నది పద్ధతిని మాత్రమే.

5. ఆదోని, ఎమ్మిగనూరు నీళ్ళు:

భారతదేశపు ప్రధాన కార్పుజాతులను పీయూషగ్రంథి సారంతో ప్రేరేపించి గుడ్లు పెట్టించడం 1957 జులై 10న హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి కృషితో కటక్‌లో సాధ్యమైంది. అప్పటిదాకా నదుల్లో పట్టిన పిల్లల మీదే ఆధారపడిన పెంపకం ఆ తర్వాత హేచరీల మీదికి మళ్ళింది. ఈ జాతుల గుడ్లు 27 నుంచి 31 డిగ్రీల నీటిలో సుమారు 14 నుంచి 18 గంటల్లో పొదుగుతాయి. మూడు రోజుల్లో సొన కరిగి ‘స్పాన్’ దశకు, మరో రెండు మూడు వారాల్లో అంగుళం పొడవుండే ‘ఫ్రై’ దశకు, ఇంకో రెండు మూడు నెలల్లో వేలెడంత ‘ఫింగర్లింగ్’ దశకు చేరుతాయి.

ఇక్కడ ఆక్టోపస్‌తో పోలిక అసలు విషయాన్ని బయటపెడుతుంది. ఆక్టోపస్ పిండం వెచ్చని నీటిలో కూడా ఇరవై రాత్రులు, ఇరవై పగళ్ళు చూస్తుంది. సముద్రపు నీటిలో రాత్రీపగలూ తేడా స్వల్పం. కాబట్టి సగటు ఉష్ణోగ్రత దాని జీవితాన్ని చాలావరకు వర్ణించగలదు. కార్పు పిండం జీవితం మొత్తం ఒక రాత్రి, ఒక పగలు కూడా పూర్తిగా కాదు. సాయంత్రం సూదిమందు వేసిన తల్లిచేప అర్ధరాత్రి దాటాక గుడ్లు పెడితే, ఆ గుడ్డు తెల్లవారుజామున చల్లని నీటిలో విభజన మొదలుపెట్టి, పొదగడానికి కాస్త ముందు మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రతను ఎదుర్కొంటుంది. నీడలేని లోతుతక్కువ తొట్టెలో ఈ రెండు స్థితుల మధ్య తేడా ఎక్కువ. అటువంటి పిండానికి సగటు ఉష్ణోగ్రత అన్నది అనుభవంలోకి రాని వస్తువు. దానికి తగిలేది ఏ గంటకు ఆ గంట ఉన్న వేడి మాత్రమే.

రెండో అంశం ప్రాణవాయువు. సముద్రమట్టం వద్ద మంచినీటిలో కరగగల ఆమ్లజని 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6, 35 దగ్గర దాదాపు 7. సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్ల పైన ఉన్న ఆదోని పీఠభూమి మీద ఇది మరికొంత తక్కువ. 25 నుంచి 35 డిగ్రీలకు పోయేసరికి నీరు ఇవ్వగల ఆమ్లజని ఆరోవంతు తగ్గుతుంది. పది డిగ్రీల పెరుగుదలకు శీతలరక్త జీవి అవసరం సుమారు రెట్టింపవుతుంది. సరఫరా తగ్గుతూ గిరాకీ పెరిగే ఈ కత్తెరలో మొదట చిక్కుకునేది ఇంకా మొప్పలు పూర్తిగా ఏర్పడని పిల్ల. ఆక్టోపస్ తల్లి గుడ్ల మీదికి నీటిని చిమ్మడం ఈ లోటు తీర్చడానికే. వర్తులాకార హేచరీలో ప్రవహింపజేసే నీరు ఆ తల్లి చేసే పనికి ప్రత్యామ్నాయం. వేడి పెరిగిన రోజున ఆ ప్రవాహం కూడా పెరగాలి. ఈ సంబంధాన్ని చెప్పకుండా ఉష్ణోగ్రతకు ఒక వరుస, ఆమ్లజనికి ఒక వరుస విడివిడిగా ఇచ్చే పట్టిక రెండు నిజాలు చెప్పి, వాటిని కలిపే మూడో నిజాన్ని వదిలేస్తుంది.

మూడో అంశం పొరలు. పదకొండు డిగ్రీల నీటికి, పది డిగ్రీల నీటికి సాంద్రతలో ఉన్న తేడాకంటే ముప్ఫైయొకటికి, ముప్ఫైకి మధ్య తేడా మూడింతలకు పైగా ఉంటుంది. అంటే వేడిదేశపు చెరువులో పైపొరకు, అడుగుపొరకు ఒకటి రెండు డిగ్రీల వ్యత్యాసం ఉన్నా అవి కలవడానికి గట్టిగా నిరాకరిస్తాయి. నల్లరేగడి ఒండ్రుతో మసకబారిన నీటిలో ఎండ పైపొరలోనే ఇంకిపోతుంది కాబట్టి ఆ పొర మరింత వేడెక్కుతుంది. గట్టున నిలబడి పైనీటిలో ముంచిన ఉష్ణమాపకం ఆ నీటిని గురించి మాత్రమే చెబుతుంది. పిల్ల అక్కడ ఉండలేక కిందికి దిగితే అక్కడ ఆమ్లజని తక్కువ. నాలుగోది అమ్మోనియా. ఎనిమిది పీహెచ్ ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం వాటా 20 డిగ్రీల దగ్గర సుమారు 3.8 శాతమైతే 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5 శాతం. అదే మేత, అదే మలినం, అదే చెరువు అయినా వేడి ఒక్కటే విషాన్ని రెట్టింపు చేయగలదు.

వీటన్నిటి మీద కాలువ కాలెండరు ఉంది. దిగువ కాలువకు నీరు రావాలంటే ఎగువన తుంగభద్ర జలాశయానికి వరద చేరాలి. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దాని కింది ఆయకట్టు మొత్తం ఎంత సన్నని దారానికి వేలాడుతున్నదో అందరికీ తెలిసివచ్చింది. నీరు ఆలస్యమైన ఏడాది చెరువు లోతు తక్కువ, కాబట్టి పగటివేడి ఎక్కువ. చిన్నపిల్లను వదిలే అదను, చెరువు తగినంత లోతుతో ఉండే అదను ఒకదానికొకటి దొరకవు. బయటి హేచరీ నుంచి ఆమ్లజని సంచుల్లో పిల్లలను తెచ్చిన పక్షంలో ప్రయాణపు వేడి కూడా ఈ లెక్కలో చేరుతుంది. సంచిని చెరువులో కొంతసేపు తేలనిచ్చి రెండు నీళ్ళ ఉష్ణోగ్రతలు దగ్గరయ్యాకే విప్పాలన్న జాగ్రత్త అందుకే పుట్టింది.

6. పరిభాష కప్పిపుచ్చేవి:

ఈ సమస్యలో తెలుగు శాస్త్రరచన భాషకు కూడా భాగముంది. మూడు పదాలను పరిశీలించవచ్చు.

మొదటిది ‘అభివృద్ధి’. పిండం ఒక రూపం నుంచి మరో రూపానికి మారే ప్రక్రియకు ఈ పదం పాఠ్యభాగాల్లో విరివిగా కనిపిస్తుంది. వ్యవహారంలో అభివృద్ధి అంటే మేలు, సంపద, ముందంజ. ‘ఉష్ణోగ్రత పెరిగితే అభివృద్ధి వేగవంతమవుతుంది’ అన్న వాక్యం శాస్త్రపరంగా తటస్థమైనదే. తెలుగు చెవికి మాత్రం అది శుభవార్తగా వినిపిస్తుంది. సొనను తొందరగా ఖర్చుచేసుకుని చిన్నదిగా పుట్టిన పిల్లకు జరిగినది ఆ అర్థంలో అభివృద్ధి కాదు. ‘వికాసం’ అన్న పదం ఇంతకంటే నిష్పాక్షికం. మొగ్గ వేళకు ముందే విచ్చుకోవడం కూడా వికాసమే, అది మంచిదని ఎవరూ అనరు.

రెండోది ‘విత్తనం’. చేపపిల్లలను చేపవిత్తనం అనడం వ్యవసాయం నుంచి వచ్చిన రూపకం. రైతుకు దగ్గరైన మాట కాబట్టి ప్రచారంలో నిలిచింది. అయితే ఆదోని ప్రాంతపు వేరుశనగ, పత్తి రైతుకు విత్తనం అంటే వాన కోసం ఎదురుచూడగలది. గాదెలో నెలల తరబడి నిద్రపోతుంది. పదును దొరికినప్పుడు మొలుస్తుంది. చేపవిత్తనానికి నిద్ర లేదు. సొన కరిగిన మర్నాడే దానికి మేత కావాలి. ఒక మధ్యాహ్నపు వేడిని వాయిదా వేసుకునే శక్తి దానికి లేదు. మెట్టసేద్యపు మాట నీటిసేద్యానికి వచ్చేటప్పుడు ఓర్పు అన్న గుణాన్ని తనతో మోసుకొచ్చింది. కాలువకు నీరు ఆలస్యమైతే ‘విత్తనం’ కూడా ఆలస్యంగా వేసుకోవచ్చులే అన్న భావానికి ఈ రూపకం తెలియకుండానే దారితీస్తుంది.

మూడోది ‘అనుకూలం’. దేనికి అనుకూలమన్న ప్రశ్నను ఈ పదం అడగనివ్వదు. వేగంగా పొదగడానికి అనుకూలమైనది, ఎక్కువ పిల్లలు బతకడానికి అనుకూలమైనది, పుష్టిగా పుట్టడానికి అనుకూలమైనది మూడు వేర్వేరు ఉష్ణోగ్రతలు కావచ్చు. హేచరీకి మొదటిది లాభం. పిల్లలను కొని చెరువులో వదిలే సహకార సంఘానికి చివరి రెండూ లాభం. ఒకే విశేషణం రెండు పక్షాల ప్రయోజనాలనూ ఒకటిగా చూపుతుంది.

దీనికి భిన్నంగా, ప్రజల భాషలో ఉష్ణోగ్రతకు దశలవారీ లెక్క ముందునుంచీ ఉంది. కార్తెలే ఆ లెక్క. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా ఉండే గరిష్ఠ తాపాన్ని గుర్తుపెడుతుంది. మృగశిర ప్రవేశంతో చల్లబాటు మొదలవుతుంది. ఆ రోజున చేపలు తినే ఆచారం తెలుగునాట వ్యాపించి ఉంది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో వాగులు పారి, కార్పుచేపలు గుడ్లు పెట్టే కాలం వస్తుంది. కార్తె పదమూడు పద్నాలుగు రోజుల ప్రమాణం. అంతకంటే చిన్న వేళలను అది చెప్పలేదు. వానలు గతి తప్పిన ఏడాది కార్తె కూడా తప్పుతుంది. అయినా ఉష్ణోగ్రతను ఒక అంకెగా చూడక, ఒక క్రమంగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే స్థితులుగా చూసే దృష్టి అందులో ఉంది. పట్టికలోని ఒంటరి అవధికి లేని గుణం అదే.

7. ఆక్షేపణ – సమాధానం:

రైతుకు, మత్స్యకారునికి సులభమైన ఒక్క అంకె కావాలని, శాస్త్రపు చిక్కుముడులన్నీ కరదీపికలో విప్పడం సాధ్యం కాదని వాదించవచ్చు. ఈ వాదంలో బలం లేకపోలేదు. పనికిరాని సంక్లిష్టత కంటే పనికొచ్చే స్థూలత మేలు. అయితే ఇక్కడి ఒక్క అంకె స్థూలమైనదే తప్ప పనికొచ్చేది కాదు. ముప్ఫైరెండు డిగ్రీల పైహద్దు తెలిసిన మత్స్యకారుడు ఆగస్టు మధ్యాహ్నం పైనీరు ముప్ఫైనాలుగు చూపితే ఏం చేయాలి? పిల్లలను వదలడం ఎన్నాళ్ళు ఆపాలి? పట్టిక మౌనం వహిస్తుంది. అదే ‘పిల్లలను తెల్లవారుజామున వదలండి, మోకాటిలోతు నీటిలో కాదు నడుములోతు నీటిలో వదలండి, మధ్యాహ్నం మూడు గంటలకు అడుగునీటిని కూడా కొలవండి, వేడి పెరిగిన రోజున మేత తగ్గించండి’ అన్న నాలుగు వాక్యాలు ఒక్క అంకెకంటే ఎక్కువ చోటు తీసుకోవు. వాటిలో వేళ, లోతు, దశ, ఆమ్లజని, అమ్మోనియా అన్నీ ఇమిడి ఉన్నాయి. సరళత అంకెలు తగ్గించడంలో లేదు, చేయవలసిన పనిని స్పష్టం చేయడంలో ఉంది.

మరొక ఆక్షేపణ: సముద్రపు మెత్తనిజీవి ఫలితాలను మంచినీటి వెన్నెముక జీవికి వర్తింపజేయడం న్యాయమా? అంకెలను వర్తింపజేస్తే న్యాయం కాదు. ఇక్కడ తీసుకున్నవి ప్రశ్నలు. దశ మారితే హద్దు మారుతుందా, వేగానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు, తల్లి అనుభవం పిల్లకు చేరుతుందా, సగటు ఎవరి జీవితాన్ని వర్ణిస్తుంది అన్న నాలుగు ప్రశ్నలూ ఏ జలచరాన్ని గురించైనా అడగదగినవే.

8. ముగింపు:

ఆక్టోపస్ తొలిదశలపై జరిగిన పరిశోధన ‘వేడి వికాసాన్ని వేగవంతం చేస్తుంది’ అన్న వాక్యాన్ని రుజువు చేసింది. ఆ వాక్యం ఒక్కటే చాలదని కూడా అదే పరిశోధన రుజువు చేసింది. పిండానికి సరిపోయిన వేడి పెద్దజీవికి సరిపోదని, తల్లి పడిన తాపం పిల్లలో కనిపిస్తుందని, గుణకారపు సూత్రం తన పుట్టినచోటి హద్దులను దాటలేదని ఆ అంకెలే చెబుతున్నాయి. ఈ పాఠాన్ని ఆదోని, ఎమ్మిగనూరు నీళ్ళకు తెచ్చినప్పుడు వెలితి మరింత స్పష్టమవుతుంది. ఇక్కడి కార్పు పిండం జీవితం గంటల్లో ఉంటుంది, చెరువు లోతు కాలువ మీద ఆధారపడుతుంది, రెండింటినీ ఒకే అవధిలో చెప్పే రచన రెండింటినీ చెప్పనట్టే.

ఈ వెలితిని పూరించడానికి పెద్ద సాధనాలు అవసరం లేదు. ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం మూడు గంటలకు, పైన ఒకసారి, అడుగున ఒకసారి ఉష్ణోగ్రత, ఆమ్లజని కొలిచి, రోహిణి నుంచి మఖ దాకా కార్తెవారీగా నమోదు చేస్తే ఒక్క ఏడాదిలోనే ఈ ప్రాంతానికి సొంత పట్టిక మొదలవుతుంది. స్థానిక కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు, ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, చెరువుల మీద బతికే మత్స్యకార సంఘాలు కలిసి చేయగల పని ఇది. ఆ పట్టికను రాసే తెలుగు కూడా ‘అభివృద్ధి’కి బదులు ‘వికాసం’ అని, ‘అనుకూలం’ అన్నచోట ‘ఏ దశకు, దేనికి అనుకూలం’ అని రాయగలగాలి. అప్పుడు చెరువులో పిల్లలు చనిపోయిన ఏడాది ‘ఎండ ఎక్కువ’ అన్న జవాబు దగ్గర ఆగకుండా, ఏ రోజు, ఏ వేళ, ఎంత లోతున అన్నదాకా విచారణ సాగుతుంది.